ఒకే రెపోలో నాలుగైదు ఏఐ ఏజెంట్లు: పని ఎలా పంచాలి, ఎలా కలపాలి?

చెరువుగట్టు · భీమవరం

అందరికీ నమస్కారమండి. రొయ్యల చెరువుల లెక్కల కోసం ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెడుతున్నాం. మనుషులం ముగ్గురం. సర్వర్ జాంగోలో (పైథాన్ ఫ్రేమ్‌వర్క్), డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, గట్టు మీద సూపర్‌వైజర్ వాడే యాప్ ఫ్లట్టర్‌లో, ఆఫీసులో చూసుకోడానికి వెబ్ పేజీలు. మేత, ఆక్సిజన్ రీడింగులు, శాంప్లింగ్, మందులు, డీజిల్ ఖర్చు, చివర్లో పట్టుబడి లెక్క, ఇవన్నీ రావాలి. మొగల్తూరు, ఆకివీడు వైపు చెరువుల దగ్గర సిగ్నల్ నిలకడగా ఉండదు. అందుకని నెట్ లేనప్పుడు ఫోన్లోనే రాసుకుని, దొరికినప్పుడు సర్వర్‌కి పంపాలి.

మా ఆలోచన: కోడ్ అంతా ఒకే రెపోలో (మార్పుల చరిత్రతో సహా కోడ్ దాచే గిట్ నిల్వ) ఉంచి, కోడ్ రాసే ఏఐ ఏజెంట్లకి పని పంచడం. సర్వర్‌కి ఒక ఏజెంట్, యాప్‌కి ఒకటి, వెబ్‌కి ఒకటి, ఎస్సెమ్మెస్‌లకి ఒకటి, టెస్టులకి ఒకటి. వీటన్నిటి మీదా పని పంచే మేస్త్రి ఏజెంట్ ఇంకొకటి. ఈ లెక్క సరైనదేనా? ఒకటి రాసింది ఇంకొకటి చెడగొట్టకుండా ఏం కట్టుబాట్లు పెట్టాలి? ఖర్చు చేతులు దాటకుండా ఎలా చూసుకోవాలి?

వశిష్ఠ తీరం · నరసాపురం

ఏజెంట్ల సంఖ్య తర్వాత చూద్దామండి. ముందు ఒప్పందం ఫైలు రాయండి. సర్వర్‌కీ యాప్‌కీ మధ్య ఏ పేరుతో, ఏ యూనిట్లో, ఏ రూపంలో సమాచారం వెళ్తుందో ఓపెన్ ఏపీఐ స్పెక్‌గా మనిషే కూర్చుని రాయాలి. ఏజెంట్ చేత ముసాయిదా రాయించుకోవచ్చు, కానీ ప్రతి ఫీల్డూ మనిషి చదివి ఒప్పుకోవాలి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మీ పనిలోనే మూడు గుంటలున్నాయి.

మొదటిది కౌంట్. శాంప్లింగ్ చేసినప్పుడు యాప్ రాసే ఏజెంట్ సగటు బరువు గ్రాముల్లో పంపిస్తుంది, 25 అని. పట్టుబడి విలువ కట్టే ఏజెంట్ ఆ ఫీల్డుని ‘సైజు’ అని చూసి కౌంట్ అనుకుంటుంది. 25 గ్రాముల రొయ్య అంటే కిలోకి 40, అంటే 40 కౌంట్. దాన్ని 25 కౌంట్ అనుకుంటే 40 గ్రాముల రొయ్య ధర పడుతుంది. రెండు ఏజెంట్లూ తమ తమ నకిలీ డేటాతో టెస్టులు రాసుకుంటాయి, రెండు చోట్లా పాసవుతాయి. గిట్ కూడా ఏ గొడవా లేకుండా కలిపేస్తుంది, ఎందుకంటే రెండు మార్పులూ వేరు వేరు ఫైళ్ళలో ఉన్నాయి. తప్పు బయటపడేది వ్యాపారి కాటా దగ్గర. కాబట్టి డేటాబేస్‌లో గ్రాములే దాచండి, కౌంట్ ఎక్కడా దాచొద్దు. 1000ని గ్రాములతో భాగించి చూపించేటప్పుడే లెక్కకట్టాలి. ఫీల్డు పేరు చివర యూనిట్ తప్పకుండా ఉండాలి: బరువు అయితే గ్రాములనో కిలోలనో, ఉప్పదనం అయితే పీపీటీ (వెయ్యికి ఎన్ని పాళ్ళు) అనో. ఇంకో మాట: కౌంట్ తగ్గితే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఇది ఒప్పందంలో ఒక వాక్యంగా రాసి పెట్టకపోతే సార్టింగ్ తిరగబడుతుంది.

రెండోది సమయం. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. రైతుకి ప్రాణం లాంటి రీడింగు 3, 4 గంటలప్పటిది. మన 3 గంటలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ముందు రోజు రాత్రి 9:30. తేదీని యూటీసీలో తీసుకున్న కోడ్ ఏదైనా, అర్ధరాత్రి నుంచి 5:30 దాకా తీసిన రీడింగులన్నిటినీ నిన్నటి ఖాతాలో వేస్తుంది. డార్ట్‌లో (ఫ్లట్టర్ యాప్ రాసే భాష) ఇంకో ఇబ్బంది ఉంది: ఫోన్ స్థానిక సమయాన్ని ఐఎస్ఓ స్ట్రింగ్‌గా మారిస్తే చివర టైమ్‌జోన్ తేడా రాదు. జాంగో సెట్టింగుల్లో టైమ్‌జోన్ యూటీసీగానే వదిలేసి ఉంటే, ఆ 3 గంటల్ని యూటీసీ 3 గంటలుగా తీసుకుని, తెర మీద ఉదయం 8:30 అని చూపిస్తుంది. ఒప్పందంలో నియమం ఇలా పెట్టండి: సమయం ఎప్పుడూ తేడాతో సహా రావాలి, లేకపోతే సర్వర్ 400 (రిక్వెస్టు తప్పు అనే సంకేతం) ఇచ్చి తిప్పికొట్టాలి. ‘ఏ రోజు’ అన్నది ఆసియా/కోల్‌కతా టైమ్‌జోన్లోనే తేల్చాలి.

మూడోది రెండుసార్లు పంపడం. సిగ్నల్ ఊగిసలాడే చోట యాప్ ఒక మేత ఎంట్రీ పంపుతుంది, సర్వర్ రాసుకుంటుంది, జవాబు తిరిగి వచ్చేలోపు లైన్ తెగిపోతుంది. యాప్ మళ్ళీ పంపుతుంది. 2000 కిలోల రొయ్యకి 3000 కిలోల మేత పడితే ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి పట్టిన మేత) 1.5. అందులో 200 కిలోలు రెండుసార్లు పడితే 1.6 అయిపోతుంది, రైతు మేత కంపెనీని తప్పుపడతాడు. కాబట్టి ప్రతి ఎంట్రీకీ ఐడీ ఫోన్లోనే యూయూఐడీగా (ఇంకెక్కడా రాని పొడవాటి ఐడీ) పుట్టాలి, సర్వర్లో ఆ ఐడీ మీద యునీక్ కట్టుబాటు ఉండాలి, అదే ఐడీ మళ్ళీ వస్తే తప్పు చెప్పకుండా పాత జవాబే ఇవ్వాలి. మేత ఎంట్రీ దిద్దాలంటే పాతదాన్ని చెరపకుండా దిద్దుబాటుని కొత్త వరసగా రాయించండి.

ఈ మూడూ ఒప్పందంలో ఉంటే ఎన్ని ఏజెంట్లయినా నడుస్తాయి. లేకపోతే ఒక్క ఏజెంట్‌తో కూడా చెడుతుంది, కాకపోతే కాస్త నెమ్మదిగా.

గౌతమి గట్టు · యానాం

చివరి వాక్యంతో నాకు పేచీ ఉందండి. ఒక్క ఏజెంట్ అయితే అంత సులువుగా చెడదు. సర్వర్ కోడ్ రాసినదే యాప్ కోడ్ కూడా రాస్తే, తాను గ్రాములు వాడిన సంగతి దాని ముందే ఉంటుంది. రెండుగా విడగొట్టిన క్షణం నుంచీ ప్రతి నిర్ణయాన్నీ రాసి పంపాల్సి వస్తుంది, రాయనిది పోతుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు ముగ్గురుంటే 3, అయిదుగురుంటే 10.

2025 జూన్‌లో కాగ్నిషన్ (ఏఐ కోడింగ్ ఏజెంట్లు చేసే కంపెనీ) ఇంజనీర్లు ఇదే వాదన చేశారు: సమాంతరంగా నడిచే ఏజెంట్లు ఒకదాని ఊహలు ఇంకొకదానికి తెలియకుండా పని చేస్తాయి, ఆ ఊహలే ఢీకొంటాయి అని. అదే నెలలో ఆంత్రోపిక్ (ఏఐ మోడళ్ళ కంపెనీ) వాళ్ళు తమ బహుళ ఏజెంట్ల పరిశోధన వ్యవస్థ గురించి రాస్తూ, మామూలు చాట్‌తో పోలిస్తే ఒక ఏజెంట్‌కి దాదాపు 4 రెట్లు, బహుళ ఏజెంట్ల వ్యవస్థకి దాదాపు 15 రెట్లు టోకెన్లు (మోడల్ చదివే, రాసే మాటల ముక్కలు, బిల్లు వీటి మీదే) ఖర్చవుతాయని చెప్పారు. కోడింగ్ పనుల్లో నిజంగా విడివిడిగా చేయగలిగేవి పరిశోధన పనుల్లో కంటే తక్కువని కూడా వాళ్ళే అన్నారు. వెతకడం, చదవడం, పోల్చడం పంచుకోవచ్చు. రాయడం పంచుకోవడమే కష్టం.

నా సలహా: రాసే ఏజెంట్ ఒక్కటే. దాని చుట్టూ చదివే ఏజెంట్లు ఎన్నయినా పెట్టుకోండి. పాత కోడ్‌లో ఫలానాది ఎక్కడెక్కడ వాడారో వెతికేది ఒకటి, లైబ్రరీ డాక్యుమెంట్లు చదివి అర పేజీలో చెప్పేది ఒకటి, రాసినదాన్ని తప్పు పట్టేది ఒకటి. ఇవి ఫైళ్ళు ముట్టుకోవు కాబట్టి గొడవే రాదు.

వశిష్ఠ తీరం · నరసాపురం

చిన్న ప్రాజెక్టుకి మీ మాట ఒప్పుకుంటాను గౌతమి గారూ. కానీ ఇక్కడ పైథాన్, డార్ట్ రెండు భాషలు, రెండు బిల్డ్ పద్ధతులు. ఒకే ఏజెంట్ రెంటినీ మోస్తే కాంటెక్స్ట్ విండో (మోడల్ ఒకేసారి చూడగలిగే మేర) టెస్టు లాగులతో, ఆండ్రాయిడ్ బిల్డ్ చేసే గ్రాడిల్ గోలతో నిండిపోతుంది. నిండాక పాత సంభాషణని కుదించి సారాంశం చేస్తారు కదా, అప్పుడు మొదట ఎగిరిపోయేవి ఇలాంటి చిన్న నిర్ణయాలే. ‘గ్రాములు’ అన్న మాట దాని ముందున్నది మొదటి గంట మాత్రమే. అందుకే ఒక్క ఏజెంట్ అయినా సరే ఒప్పందం ఫైలు తప్పదన్నాను.

రాసేవి రెండు, మహా అయితే మూడు. అంతకు మించి వద్దు. ఆ పరిమితి ఏజెంట్ల వల్ల వచ్చేది కాదు, వచ్చిన మార్పులన్నిటినీ చదవాల్సిన మనుషుల వల్ల వచ్చేది. ఒక మార్పు 300, 400 వరసలు దాటితే చదివేవాడు కళ్ళతో జారిపోతాడు.

కోనసీమ కోడ్ · అమలాపురం

పని విడగొట్టడం సంగతి పెద్దలు చూసుకుంటున్నారు. నేను యంత్రం వైపు చెప్తాను, ఎందుకంటే ఎక్కువ గంటలు పోయేది అక్కడే.

ఒకే ఫోల్డర్లో రెండు ఏజెంట్లని వదలొద్దు. ఒకటి బ్రాంచ్ (కోడ్‌లో విడిగా నడిచే పాయ) మారిస్తే రెండోదాని కాళ్ళ కింద ఫైళ్ళు మారిపోతాయి. గిట్ వర్క్‌ట్రీ వాడండి, 2015లో గిట్ 2.5తో వచ్చింది. ఒకే రెపో చరిత్రని పంచుకుంటూ, ఒక్కో బ్రాంచ్‌కి విడి ఫోల్డర్ ఇస్తుంది. ఒకే బ్రాంచ్‌ని రెండు వర్క్‌ట్రీల్లో తెరవనివ్వదు, అది మనకి మేలే. పనయ్యాక ఫోల్డర్‌ని చేత్తో చెరిపెయ్యకుండా గిట్ వర్క్‌ట్రీ రిమూవ్ కొట్టండి. చెరిపేసి ఉంటే ప్రూన్ కొడితే ఆ అవశేషం పోతుంది.

గుర్తుంచుకోవాల్సింది: గిట్ చూడని ఫైళ్ళేవీ కొత్త ఫోల్డర్‌కి రావు. పాస్‌వర్డులు, సెట్టింగులు ఉండే డాట్ ఈఎన్‌వీ ఫైలు రాదు, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ రాదు. ఏజెంట్ అక్కడ సర్వర్ లేపబోతే పడిపోతుంది, పడిపోయాక అది ఊరుకోదు. సెట్టింగుల ఫైల్లో పాస్‌వర్డ్ నేరుగా రాసేసి ముందుకెళ్తుంది, ఆ మార్పు కమిట్‌లోకి కూడా వస్తుంది. కాబట్టి వర్క్‌ట్రీ పుట్టించే స్క్రిప్ట్ ఒకటి మీరే రాసిపెట్టండి. అది చెయ్యాల్సినవి: ఫోల్డర్ తెరవడం, డాట్ ఈఎన్‌వీ తయారుచెయ్యడం, పోర్ట్ కేటాయించడం (8001, 8002, 8003 ఇలా), డేటాబేస్ పుట్టించడం, రెడిస్‌లో (మెమరీలో నడిచే చిన్న డేటా నిల్వ) విడి నంబర్ ఇవ్వడం. రెడిస్‌లో మామూలుగా 0 నుంచి 15 దాకా ఉంటాయి.

డేటాబేస్ విడిగా ఉండాల్సిందే. రెండు వర్క్‌ట్రీలు ఒకే పేరు వాడితే జాంగో టెస్టులు ‘టెస్ట్’ అన్న ముందుమాటతో ఒకే డేటాబేస్ పుట్టించబోయి కొట్టుకుంటాయి. ఒకదాని టెస్టు నడుస్తుండగా రెండోది ఆ డేటాబేస్‌ని చెరిపెయ్యబోతుంది. అప్పుడు వచ్చే ఎర్రర్‌కీ మీ కోడ్‌కీ సంబంధం ఉండదు, ఏజెంట్ మాత్రం కోడ్‌ని కెలకడం మొదలుపెడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో మాదిరి డేటాబేస్ ఒకటి నింపి పెట్టుకుని, టెంప్లేట్ పద్ధతిలో నకళ్ళు తీస్తే వేగంగా అవుతుంది. నకలు తీసేటప్పుడు మాదిరి డేటాబేస్‌కి ఎవరూ కనెక్ట్ అయి ఉండకూడదు, ఉంటే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. అందుకని ఆ మాదిరి పేరు ఏ ఏజెంట్ కాన్ఫిగ్‌లోనూ ఉండకూడదు.

చెరువుగట్టు · భీమవరం

చాలా ఉపయోగపడిందండి. మూడు సందేహాలు. మైగ్రేషన్లు (టేబుళ్ళ మార్పులు రాసే ఫైళ్ళు) ఎవరు రాయాలి, అందరికీ టేబుళ్ళు మార్చాల్సిన అవసరం వస్తుంది కదా? యాప్ ఏజెంట్‌కి సర్వర్ సిద్ధమయ్యేదాకా పని ఉండదు కదా, ఆపి ఉంచాలా? ఎంసీపీ, ఏటూఏ లాంటివి పెడితే ఏజెంట్లే మాట్లాడుకుని తేల్చుకుంటాయా?

కోనసీమ కోడ్ · అమలాపురం

మైగ్రేషన్లు ఒక్కరే. సర్వర్ ఏజెంట్ తప్ప ఇంకెవరూ ఆ ఫోల్డర్ ముట్టుకోకూడదు. ఇద్దరు విడి బ్రాంచుల్లో 0007 రాస్తే, కలిపాక జాంగో రెండు కొనలు కనిపిస్తున్నాయని ఆగిపోతుంది. మేక్‌మైగ్రేషన్స్ మెర్జ్ అంటే దారాలు ముడేస్తుంది, కానీ ఒకటి కాలమ్ పేరు మార్చి, ఇంకొకటి పాత పేరుతో డేటా నింపుతుంటే ఆ ముడి కాపాడదు. ఆ మెర్జ్ ఆదేశాన్ని ఏజెంట్ల అనుమతుల్లోంచి తీసెయ్యండి. టేబుల్ మార్పు కావాల్సిన ఏజెంట్ ఒక కోరిక ఫైలు రాసి ఆగాలి.

ప్యాకేజీల లాక్ ఫైళ్ళు (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండేవి) కూడా ఇంతే. ఢీకొంటే చేత్తో కలపడానికి ప్రయత్నించొద్దు. మెయిన్‌లో (అందరి పనీ కలిసే అసలు బ్రాంచ్) ఉన్నది తీసుకుని, ప్యాకేజీ ఆదేశం మళ్ళీ నడిపి కొత్తది పుట్టించాలి.

వశిష్ఠ తీరం · నరసాపురం

రెండో ప్రశ్నకి: ఆపక్కర్లేదు. ఒప్పందం ఫైలు నుంచే నకిలీ సర్వర్ లేపవచ్చు, యాప్ ఏజెంట్ దాని మీద పని చేసుకుంటుంది. అయితే నకిలీ జవాబులు యాప్ ఏజెంట్ సొంతంగా కల్పించకూడదు. ఉదాహరణ జవాబుల ఫోల్డర్ ఒకటి ఒప్పందం పక్కనే పెట్టి, సర్వర్ టెస్టులూ యాప్ టెస్టులూ అవే ఫైళ్ళు చదివేలా చెయ్యండి. ఒకే జేసన్ (సమాచారం పంపే టెక్స్ట్ రూపం) ఇటు పాసవ్వాలి, అటు పాసవ్వాలి. కౌంట్, గ్రాముల గొడవని పట్టుకునేది ఈ ఏర్పాటే.

మీ ప్రాజెక్టుకి వరస ఇదీ: ఒప్పందం, ఆ తర్వాత టేబుళ్ళు. ఈ రెండూ ఒక్క ఏజెంట్‌తో, మనిషి పక్కనుండి చేయించాలి. అవి మెయిన్‌లోకి వెళ్ళాకే దారి రెండుగా చీలాలి: సర్వర్ ఎండ్‌పాయింట్లు ఒకటి, యాప్‌లో ఫోన్ నిల్వ, ఫారాలు ఇంకొకటి. వెబ్ పేజీలు తర్వాత. ఎస్సెమ్మెస్‌కి విడి ఏజెంట్ అక్కర్లేదు, అది సర్వర్ ఏజెంట్‌కి రెండు పని చీటీలు (ఏం చెయ్యాలో రాసిచ్చే కాగితం) అంతే. నెట్ వచ్చాక సమాచారం పంపే భాగం మాత్రం రెండు వైపులా ఒకే ఏజెంట్ రాయాలి. దాన్ని విడగొట్టొద్దు. అక్కడ గౌతమి గారి మాటే సరైనది.

మూడో ప్రశ్న: ఎంసీపీ 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ తెచ్చినది, ఏజెంట్‌ని పనిముట్లకీ డేటాకీ కలపడానికి. ఏటూఏ 2025 ఏప్రిల్‌లో గూగుల్ ప్రకటించినది, ఏజెంట్‌కీ ఏజెంట్‌కీ మధ్య సందేశాలకి. రెండూ మోసుకెళ్ళే మార్గాలు. ఏ ఫైలు ఎవరిదో, గ్రాములా కౌంటా అన్నది అవి తేల్చవు. మీ స్థాయికి రెపోలోని ఫైళ్ళే చాలు.

గౌతమి గట్టు · యానాం

పని చీటీ ఎలా ఉండాలో కూడా చెప్పాలి, చాలామంది ‘మేత మాడ్యూల్ కట్టు’ అని ఒక వాక్యం ఇచ్చి వదిలేస్తారు.

ఒక పేజీ లోపు ఉండాలి. ఏం కావాలో రెండు మూడు వాక్యాలు. ముట్టుకోదగ్గ ఫోల్డర్లు, ముట్టుకోకూడనివి. ఒప్పందంలో ఏ భాగం చదవాలో. పూర్తయిందని ఏ ఆదేశం నడిపితే తెలుస్తుందో, ఆ ఆదేశం అక్షరాలా. చివరిది అన్నిటికంటే ముఖ్యం: ఎప్పుడు ఆగాలి. ఒప్పందం మార్చాల్సి వస్తే ఆగు, కొత్త ప్యాకేజీ కావాలంటే ఆగు, ఒకే ఎర్రర్ మూడుసార్లు వస్తే ఆగు, ఆగి కారణం రాయి. ఆగమని చెప్పని ఏజెంట్ ఎలాగోలా పచ్చ గుర్తు తెచ్చే దారి వెతుకుతుంది. ఆ దారి చాలాసార్లు ఎర్రర్‌ని మింగేసే ట్రై ఎక్సెప్ట్.

ఏజెంట్ల మధ్య సమాచారం మేస్త్రి ఏజెంట్ సారాంశాల మీదుగా పోనివ్వొద్దు. సారాంశానికి సారాంశం తీసేసరికి మినహాయింపులు రాలిపోతాయి. నిర్ణయాల ఫైలు ఒకటి రెపోలో పెట్టండి: తేదీ, నిర్ణయం, కారణం, ఒక్కోటి రెండు వరసలు. ఏజెంట్లు మొదట చదివే సూచనల ఫైలు ఏజెంట్స్ డాట్ ఎండీలో దాని దారి ఇవ్వండి. ఏజెంట్స్ డాట్ ఎండీ కూడా చిన్నదిగా ఉండాలి. అందులో ఊరంతా రాస్తే ప్రతి ఏజెంటూ ప్రతిసారీ అదంతా చదువుతుంది, ముఖ్యమైనది మధ్యలో మునిగిపోతుంది.

లాకుల పక్కన · ధవళేశ్వరం

టెస్టుల గురించి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. చెరువుగట్టు గారు టెస్టులకి విడి ఏజెంట్ అన్నారు. మంచి ఆలోచనే, కానీ ఎప్పుడు రాస్తుందన్నది ముఖ్యం. కోడ్ పూర్తయ్యాక టెస్టు ఏజెంట్‌ని పిలిస్తే, కోడ్ ఏం చేస్తోందో చూసి అదే సరైనదని టెస్టు రాస్తుంది. తెల్లవారుజాము రీడింగు నిన్నటి తేదీలో పడుతుంటే, నిన్నటి తేదీలో పడాలనే టెస్టు పుడుతుంది. కాబట్టి ఒప్పందం చూసి, కోడ్ చూడకుండా, ముందే రాయించాలి. రాసిన టెస్టులు మొదట ఫెయిలవ్వాలి. కోడ్ లేకుండానే పాసయ్యే టెస్టు పనికిరాదు.

తర్వాత ఆ ఫోల్డర్ తలుపు మూసెయ్యాలి. కోడ్ రాసే ఏజెంట్‌కి ఒప్పంద టెస్టుల మీద చదివే హక్కే ఉండాలి. సీఐలో (ప్రతి మార్పుకీ టెస్టులు తనంతట తానే నడిపే ఏర్పాటు) ఒక చిన్న తనిఖీ పెట్టండి: ఒకే పుల్ రిక్వెస్టులో (మార్పుని మెయిన్‌లో కలపమని పెట్టే కోరిక) కోడూ ఒప్పంద టెస్టులూ రెండూ మారితే ఎర్ర గుర్తు, మనిషి చూడాలి. ‘చదివే హక్కే’ అని ప్రాంప్ట్‌లో రాసినంత మాత్రాన సరిపోదు, తనిఖీ యంత్రమే చెయ్యాలి.

ఈ కిందివి మీకు తప్పనిసరి. భారత సమయం 00:10, 03:00, 05:29, 05:31కి తీసిన నాలుగు రీడింగులూ అదే తేదీలో పడాలి. టైమ్‌జోన్ తేడా లేని సమయం వస్తే 400 రావాలి. ఒకే మేత ఎంట్రీ మూడుసార్లు పంపితే ఒకే వరస ఉండాలి, మూడుసార్లూ ఒకే జవాబు రావాలి. నిన్నటి ఎంట్రీ ఇవాళ్టి ఎంట్రీ తర్వాత వచ్చినా మొత్తం మారకూడదు. 20 గ్రాములకి 50 కౌంట్ చూపాలి. సున్నా గ్రాములు వస్తే భాగహారం కూలిపోకూడదు.

టెస్టులు గట్టివో కావో తెలుసుకోవాలంటే కోడ్‌ని కావాలని చెడగొట్టి చూడండి. టైమ్‌జోన్ మార్చే వరస తీసెయ్యండి, యునీక్ కట్టుబాటు తీసెయ్యండి. ఒక్క టెస్టూ పడిపోకపోతే ఆ చోట కాపలా లేదన్నమాట.

సమీక్ష ఏజెంట్ విషయంలో: రాసిన ఏజెంట్ చెప్పిన వివరణ దానికి చూపించొద్దు. చూపిస్తే ఆ వాదననే ఒప్పుకుంటుంది. ఒప్పందం, పని చీటీ, మార్పు, ఈ మూడే ఇవ్వండి. ‘ఎలా ఉంది’ అని అడిగితే బాగుందంటుంది, లేదా పేర్ల గురించి ఇరవై సలహాలిస్తుంది. ‘ఒప్పందానికి విరుద్ధమైనది చూపించు, ఫెయిలయ్యే టెస్టుతో నిరూపించు’ అని అడగండి. నిరూపించలేనిది లెక్కలోకి తీసుకోవద్దు. రెండు రౌండ్లలో తేలకపోతే మనిషి దగ్గరికి రావాలి. లేకపోతే ఇద్దరూ ఒకరి మాట ఒకరు దిద్దుకుంటూ టోకెన్లు తగలేస్తారు.

కోనసీమ కోడ్ · అమలాపురం

లాకుల పక్కన గారి మాటకి చిన్న చేర్పు. రెండు ఏజెంట్లు ఒకదాని ఫార్మాటింగ్ ఒకటి తిరగేసుకోవడం కూడా చూస్తాం. ఒకే ఫార్మాటర్, ఒకే వెర్షన్, ప్రీ కమిట్‌లో (కమిట్‌కి ముందు తనంతట తానే నడిచే తనిఖీ) పెట్టండి.

ఇక కలపడం. మూడు బ్రాంచులు విడివిడిగా పాసయ్యాయని మూడింటినీ ఒకేసారి మెయిన్‌లోకి తోసెయ్యకూడదు. కాలువ నీళ్ళు తక్కువైనప్పుడు వంతు పెట్టుకుంటాం చూడండి, అలాగే ఇక్కడా వంతు ఉండాలి. మొదటిది వెళ్తుంది. రెండోది కొత్త మెయిన్ మీద రీబేస్ అయ్యి (తన మార్పుల్ని దాని మీద మళ్ళీ పేర్చుకుని), మొత్తం టెస్టులు మళ్ళీ నడిపి, పాసయితేనే వెళ్తుంది. మూడోదీ అంతే. గిట్‌హబ్‌లో మెర్జ్ క్యూ ఈ పనే చేస్తుంది. అది మీ ప్లాన్‌లో లేకపోయినా ముగ్గురు మనుషులకి ఒక స్క్రిప్టు చాలు. ముందు పంపాల్సింది అందరూ ఆధారపడే మార్పుని: స్కీమా, పంచుకునే లైబ్రరీ. తెర మీద రంగుల మార్పు ఆఖరున వెళ్ళినా నష్టం లేదు.

రీబేస్‌లో ఘర్షణ వస్తే ఆ బ్రాంచ్ రాసిన ఏజెంటే పరిష్కరించాలి, దానికి తన పని చీటీతో పాటు మెయిన్‌లోకి వెళ్ళిన మార్పు పని చీటీ కూడా ఇవ్వాలి. రెండు వైపులా ఉద్దేశం తెలియకపోతే ‘నాదే ఉంచు’ అని ఎదుటిది చెరిపేస్తుంది. ఒక్కో బ్రాంచ్ ఒక పూట మించి బతకకుండా పని చీటీలు కొయ్యండి.

పంటకాలువ · పాలకొల్లు

ఎస్సెమ్మెస్, తెలుగు అక్షరాలు, తాళాలు. ఈ మూడు నేను చెప్తాను.

తెలుగు ఎస్సెమ్మెస్ ఒక్కోటి 70 అక్షరాలు, ఇంగ్లీషు అయితే 160. 70 దాటితే ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకి 67. అక్షరమంటే ఇక్కడ కళ్ళకి కనిపించేది కాదు, యూనికోడ్ సంకేతం. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒక్కటి, లెక్కకి ఆరు. ఏజెంట్ రాసే పొడవు తనిఖీ దీని ప్రకారం ఉందో లేదో చూడండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల కింద సందేశం మాదిరిని డీఎల్‌టీలో (ఆపరేటర్ల నమోదు వేదిక) ముందే నమోదు చెయ్యాలి కదా, పంపే మాట ఆ మాదిరితో సరిపోవాలి. ఏజెంట్ వాక్యం బాగుచేస్తాను అని ఒక మాట మార్చినా ఆపరేటర్ దగ్గర సందేశం ఆగిపోతుంది, మీ సర్వర్ లాగులో మాత్రం పంపినట్టే ఉండొచ్చు. మాదిరుల ఫైలు కూడా తలుపు మూసిన ఫోల్డర్లోనే ఉండాలి.

ఊళ్ళ పేర్లు, రైతుల పేర్లు వెతికేటప్పుడు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని అక్షరం ఒకటుంటుంది. ఒక ఫోన్ కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకటి పెట్టదు. కంటికి రెండూ ఒకేలా ఉన్నా పోలిస్తే వేరు. యాప్ ఏజెంట్ దాన్ని తీసేసి వెతికి, సర్వర్ ఏజెంట్ తీయకపోతే ఒకే చెరువు రెండుసార్లు నమోదవుతుంది. చూపించడానికి రాసినది రాసినట్టే దాచి, వెతకడానికి ఇంకో కాలమ్‌లో ఎన్‌ఎఫ్‌సీ (యూనికోడ్‌ని ఒకే రూపంలోకి తేవడం) చేసి ఆ అక్షరం తీసేసినది పెట్టుకోవాలి. ఆ పని చేసే ఫంక్షన్ సర్వర్లో ఒక్కచోటే ఉండాలి.

తాళాల విషయం. అసలు ఎస్సెమ్మెస్ కీ, అసలు డేటాబేస్ పాస్‌వర్డ్ ఏ ఏజెంట్ చేతికీ ఇవ్వొద్దు. టెస్టు నడిపినప్పుడు రాత్రి రెండింటికి రైతులకి ‘ఆక్సిజన్ 2కి పడిపోయింది’ అని సందేశం వెళ్తే వాళ్ళు పరుగున ఏరేటర్ల దగ్గరికి వెళ్తారు. ఏజెంట్ల దగ్గర సందేశాన్ని ఫైల్లో రాసే నకిలీ పంపకందారే ఉండాలి. పరీక్ష డేటాలో నిజమైన ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు పెట్టొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచినా, అది వాళ్ళ నమ్మకం.

ఏఐ భద్రత గురించి రాసే ప్రోగ్రామర్ సైమన్ విల్లిసన్ మూడింటి కలయిక గురించి హెచ్చరించారు: రహస్య సమాచారం చేతిలో ఉండటం, బయటివాళ్ళు రాసిన మాటలు చదవడం, బయటికి పంపగలగడం. ఈ మూడూ ఒకే ఏజెంట్‌లో కలిస్తే బయటి పేజీలో దాచిన ఒక ఆదేశంతో సమాచారం లాగేసుకోవచ్చు. మీకు డాక్యుమెంట్లు చదివే ఏజెంట్ ఉంటుంది కదా, దానికి నెట్ ఇవ్వండి, రహస్యాలివ్వొద్దు. కోడ్ రాసేదానికి నెట్‌ని ప్యాకేజీ సర్వర్ల వరకే తెరవండి. కొత్త ప్యాకేజీ పేరు మనిషి చూశాకే రానివ్వండి. లేని ప్యాకేజీ పేర్లు మోడళ్ళు కల్పించడం, ఆ పేర్లతో ఎవరో దుష్ట ప్యాకేజీ పెట్టడం నిజంగా ఉన్న ప్రమాదమే.

చెరువుగట్టు · భీమవరం

ఆయ్, ఎస్సెమ్మెస్ కీ సంగతి ఇవాళే సరిచేస్తాం. ఇంకో ప్రశ్న: 16 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో మూడు వర్క్‌ట్రీలు నడుస్తాయా? కరెంటు, నెట్ పోయినప్పుడు సగంలో ఆగిన ఏజెంట్‌ని ఎలా లేపాలి?

కోనసీమ కోడ్ · అమలాపురం

సర్వర్ వైపు రెండు సులువుగా నడుస్తాయి. ఆండ్రాయిడ్ బిల్డ్, ఎమ్యులేటర్ రెండూ ర్యామ్ మింగేవి, అవి ఒకేసారి రెండు నడపొద్దు. బిల్డ్‌కి ఒక తాళం ఫైలు పెట్టండి, లినక్స్‌లో ఎఫ్‌లాక్‌తో. ఒకటి బిల్డ్ చేస్తుంటే రెండోది ఆగుతుంది. తుపాను రోజుల్లో కరెంటు నమ్ముకోలేం కాబట్టి ఏజెంట్లని క్లౌడ్ మెషీన్‌లో టీమక్స్ (లైన్ తెగినా టెర్మినల్ పని ఆగనివ్వని పనిముట్టు) లోపల నడపడం మేలు, ఇంట్లో లైన్ పోయినా అక్కడ పని సాగుతుంది.

సగంలో ఆగినదాన్ని పాత సంభాషణతో లేపకండి. ప్రతి చిన్న అడుగుకీ కమిట్ చేయించండి, వర్క్‌ట్రీలో ప్రగతి ఫైలు ఒకటి పెట్టి ఏం అయింది, ఏం మిగిలింది, ఏ టెస్టు ఇంకా పడిపోతోంది అని రాయించండి. కొత్త సెషన్ తెరిచి పని చీటీ, ప్రగతి ఫైలు, ఆఖరి కమిట్ల మార్పు ఇస్తే తేలిక బుర్రతో మొదలవుతుంది.

గౌతమి గట్టు · యానాం

ఖర్చు గురించి అడిగారు కదా. రోజు మొత్తానికి కాదు, ఒక్కో పని చీటీకి పరిమితి పెట్టండి: ఇన్ని అడుగులు, ఇన్ని టోకెన్లు, దాటితే ఆగు. పరిమితి దాటిన చీటీకి ఇంకాస్త డబ్బు పోయడం కంటే, చీటీని రెండుగా కోసి మళ్ళీ మొదలుపెట్టడం చౌక. టెస్టు లాగు మొత్తం ఏజెంట్‌కి ఇవ్వకుండా పడిపోయిన టెస్టులు, వాటి చివరి 40, 50 వరసలు మాత్రమే ఇచ్చే చిన్న స్క్రిప్టు రాసుకోండి. ఒప్పందం, టేబుళ్ళు, నెట్ వచ్చాక పంపే భాగం, ఈ మూడింటికి బలమైన మోడల్ వాడండి. ఫారాలు, జాబితా పేజీలు చిన్న మోడల్ చేసేస్తుంది. ఆదేశాలు, పని చీటీలు ఇంగ్లీషులో ఉంటే టోకెన్లు తక్కువ పడతాయి, తెలుగుకి ఎక్కువ పడతాయి. కానీ తెర మీద వచ్చే తెలుగు మాటల్ని మాత్రం మీరే రాసివ్వండి, ఏజెంట్‌ని కల్పించనివ్వొద్దు. ‘పట్టుబడి’ని అది ఇంకేదో చేసేస్తుంది.

చెరువుగట్టు · భీమవరం

ఒప్పందం, టేబుళ్ళు ముందు, తర్వాత రెండే రాసే ఏజెంట్లు, ఒక సమీక్ష ఏజెంట్. మేస్త్రి ఏజెంట్ మానేసి ముగ్గురిలో ఒకరు ఆ పని చూస్తాం. ఒకటి మిగిలింది: యాప్ విడుదలయ్యాక ఒప్పందం మార్చాల్సి వస్తే?

వశిష్ఠ తీరం · నరసాపురం

తప్పకుండా వస్తుంది, అక్కడ ఏజెంట్లు పెద్ద నష్టం చేయగలవు. ‘ఈ ఫీల్డు ఇప్పుడెవరూ వాడట్లేదు’ అని రెపో వెతికి, సర్వర్లోంచి తీసేస్తాయి. రెపోలో ఎవరూ వాడకపోవచ్చు. గట్టు మీద సూపర్‌వైజర్ ఫోన్లో పాత యాప్ ఉంటుంది, అందులో వారం రోజుల ఎంట్రీలు నెట్ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. అవి పాత రూపంలోనే వస్తాయి. సర్వర్ కాదంటే ఆ వారం మేత లెక్క పోయినట్టే.

కాబట్టి మార్పు మూడు విడి చీటీలుగా వెళ్ళాలి. మొదట సర్వర్ కొత్త ఫీల్డూ పాత ఫీల్డూ రెంటినీ తీసుకోవాలి, కొత్త కాలమ్ ఖాళీగా ఉండనివ్వాలి. తర్వాత యాప్ కొత్త రూపంలో పంపాలి. ప్రతి రిక్వెస్టులో యాప్ వెర్షన్ హెడర్ పెట్టించండి, ఇప్పుడే, మొదటి విడుదలలోనే. పాత వెర్షన్ నుంచి రిక్వెస్టులు ఆగిపోయాయని లాగులో చూసి, చేతిలో ఎంట్రీలు పంపని ఫోన్లు లేవని సూపర్‌వైజర్లని అడిగి నిర్ధారించుకున్నాకే పాత ఫీల్డు తీసే మూడో చీటీ. మొదటి రెండూ ఏజెంట్‌కి ఇవ్వొచ్చు. మూడోదాన్ని మొదలుపెట్టే అధికారం మనిషి దగ్గరే ఉంచండి. పాత రూపంలోని జేసన్ ఉదాహరణల్ని కూడా ఆ చీటీ పూర్తయ్యేదాకా టెస్టుల ఫోల్డర్లోంచి తీయనివ్వకండి.